సొంతంగా కట్టుకునే విమానానికి ఫైర్‌వాల్ ఇన్సులేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం ఊరి బయట మా రేకుల షెడ్డులో రెండు సీట్ల విమానం కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి కర్నూలు, కడప, హిందూపురం వైపు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కొందరు విమానం విడిభాగాల కిట్ తెప్పించుకున్నవాళ్లు, కొందరు ఇంకా డ్రాయింగుల దగ్గరే ఉన్నవాళ్లు. ఫైర్‌వాల్ దగ్గరికి వచ్చేసరికి అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, లోపలికి వేడి రాకుండా ఏం అంటించాలి?" మన భాషలో అంటించడం అంటే జిగురుతో అతికించడమూ అవుతుంది, నిప్పు పెట్టడమూ అవుతుంది. ఫైర్‌వాల్ విషయంలో ఆ రెండు అర్థాలూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి. అందుకే ఇన్నాళ్లూ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఫైర్‌వాల్ అంటే ఏది?

ఇంజిన్‌కూ మీ కాళ్లకూ మధ్య ఉండే గోడ. ముందు ఇంజిన్, కార్బ్యురేటర్, పెట్రోలు పైపులు, ఎర్రగా కాలే సైలెన్సర్. వెనుక మీరు, మీ పక్కన కూర్చున్న మనిషి. నిప్పు పుడితే మీరు నేల మీద దిగేదాకా దాన్ని అవతలే ఆపి ఉంచడం ఆ గోడ పని. చల్లగా ఉంచడం, శబ్దం తగ్గించడం దాని తర్వాతే.

స్టీలు రేకు కాలదు కదా, మళ్లీ ఇన్సులేషన్ ఎందుకు?

రేకు కాలదు, నిజమే. 304 స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. అల్యూమినియం అయితే 660 డిగ్రీలకే నీరైపోతుంది, దాని మిశ్రమాలు అంతకన్నా ముందే కరగడం మొదలుపెడతాయి. అందుకే ఫైర్‌వాల్‌కు స్టీలు వాడతారు.

కానీ మంటను ఆపడం వేరు, సెగను ఆపడం వేరు. పలుచటి రేకుకు ఒక వైపు మంట తగిలితే నిమిషంలో రెండో వైపు కూడా ఎర్రబడుతుంది. దోసె పెనం కింద మంట పెట్టి పైన చెయ్యి పెట్టలేం కదా, అదే సంగతి. 700 డిగ్రీలకు కాగిన, మసిబారిన స్టీలు రేకు చదరపు మీటరుకు 30 కిలోవాట్లకు పైగా సెగ కొడుతుంది. నడి వేసవిలో కర్నూలు ఎండ మన నెత్తిన దించేది చదరపు మీటరుకు సుమారు 1 కిలోవాట్. అలాంటి ముప్పై ఎండలు మీ మోకాళ్లకు మూరెడు దూరంలో ఉన్నాయనుకోండి. రేకు చెక్కుచెదరకుండానే లోపలి కార్పెట్, వైర్ల తొడుగులు, ప్లాస్టిక్ పైపులు అంటుకుంటాయి.

ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. రేకు ఉష్ణోగ్రత కొంత తగ్గినా సెగ చాలా ఎక్కువగా తగ్గుతుంది. 800 డిగ్రీల రేకుతో పోలిస్తే 500 డిగ్రీల రేకు కొట్టే సెగ సుమారు నాలుగో వంతే. ఇన్సులేషన్ వల్ల వచ్చే లాభమంతా ఇందులోనే ఉంది.

ఇన్సులేషన్ లోపలి వైపా, ఇంజిన్ వైపా?

నా సమాధానం ఇంజిన్ వైపు. దీని మీద కట్టేవాళ్లలో వాదనలు ఉన్నాయి, రెండో వైపు మాట కూడా చెబుతాను.

లోపల వేస్తే పని సులువు, నూనె తగలదు, శుభ్రంగా కనబడుతుంది. కానీ మంట వచ్చినప్పుడు ముందు కాగేది రేకు, ఆ రేకును అంటిపెట్టుకుని ఉండేది మీ ఇన్సులేషన్, దాని జిగురు. మంట అవతలే ఉన్నా పొగ ఇవతల పుడుతుంది. చిన్న కేబిన్‌లో పొగ మంటకన్నా ముందు మనిషిని పడగొడుతుంది. పైగా వెనుక దుప్పటి కప్పడం వల్ల వేడి పోయే దారి మూసుకుపోయి రేకు ఇంకా ఎక్కువ కాగుతుంది.

ఇంజిన్ వైపు వేస్తే మంట ముందుగా ఇన్సులేషన్‌కు తగులుతుంది. రేకు అంతగా కాగదు, లోపల పొగ పెట్టడానికి ఏమీ ఉండదు. దీని ఇబ్బందులూ లేకపోలేదు. నూనె, పెట్రోలు పీల్చకుండా రేకు కవరు వేయాలి. కింద ఉన్న ఫైర్‌వాల్‌లో పగులు వస్తే కంటికి కనబడదు. అయినా పదిసార్లు ఆలోచించి నేను ఇదే ఎంచుకున్నాను.

కార్ డెకార్ షాపులో అమ్మే నల్ల ఫోమ్ షీట్ వేయొచ్చా? రేకు కవరింగ్ కూడా ఉంటుంది కదా.

వద్దు. ఇది నేను చేసిన పనే కాబట్టి వివరంగా చెబుతాను.

మొదట్లో నేను కూడా ఆ షీటే తెచ్చాను. వెనుక జిగురు, ముందు వెండి రంగు పొర, ప్యాకెట్ మీద 'హీట్ ప్రూఫ్' అన్న మాట. గంటలో ఫైర్‌వాల్ లోపలి వైపంతా అతికించేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పది రోజుల తర్వాత మిగిలిన ముక్క ఒకటి చేతిలో పట్టుకుని, దీన్ని ఒకసారి కాల్చి చూద్దాం అనిపించింది.

25 సెంటీమీటర్ల చదరం స్టీలు రేకు తీసుకుని వెనుక ఆ షీట్ అతికించి, ఇటుకల మధ్య నిలబెట్టాను. ముందు నుంచి గ్యాస్ టార్చ్ మంట పెట్టాను. మా మామ ఇసుక బకెట్ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ముందు రేకు మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచింది. అది అరచేయంత అయ్యేలోపే వెనుక వెండి పొర ముడుచుకుని నల్లటి పొగ వచ్చింది. ఆ పొగ పైకి లేవలేదు, బరువుగా షీట్ వెంబడి కిందికి జారింది. "ఒరేయ్, ఇది లోపల పెట్టుకుని పైకి పోతావా?" అన్నాడు మామ. ఆ మాట పూర్తయ్యేలోపే షీట్ భగ్గుమంది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రేకుకు మాత్రం ఒక్క చిల్లు కూడా పడలేదు.

అతికించిన షీట్ గీకి తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ జిగురు మరక ఇప్పటికీ ఒక మూల కనబడుతుంది. ఆ షీట్ కారు డోర్లలో శబ్దం తగ్గించడానికి బాగా పనికొస్తుంది. ఇక్కడికి మాత్రం పనికిరాదు. పాలీయురేథేన్ ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది, రెండూ ప్రాణం తీసేవే.

థర్మోకోల్, బబుల్ షీట్, గ్లాస్ వూల్?

మొదటి రెండూ వద్దు. రెండూ ప్లాస్టిక్కే, నీళ్లు మరిగే వేడి దాటితే ఎక్కువసేపు నిలవవు. గ్లాస్ వూల్‌లో గాజుపోగు మంట పట్టుకోదు కానీ దాన్ని కలిపి ఉంచే బైండర్ పొగ పెడుతుంది, మంట నేరుగా తగిలితే పోగులు మెత్తబడి కుంగిపోతాయి.

మరి ఏం వాడాలి?

సిరామిక్ ఫైబర్. అల్యూమినా, సిలికా కరిగించి తీసిన పోగులతో చేస్తారు, మామూలు రకం 1,260 డిగ్రీల రేటింగ్‌తో వస్తుంది. ఫర్నేస్‌ల లోపల లైనింగ్‌కు వాడేది ఇదే. తాడిపత్రి వైపు స్టీలు, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఈ తెల్లటి దుప్పటి కొత్త కాదు. ఫర్నేస్ పనులు చేసే కాంట్రాక్టర్లను అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. మనకు కావలసింది ఒక చదరపు మీటరు లోపే.

ఇది రెండు రూపాల్లో వస్తుంది. పేపర్ పలుచగా, సమంగా ఉంటుంది, 3 మిల్లీమీటర్లది మన పనికి సరిపోతుంది. బ్లాంకెట్ మందంగా, దూదిలా ఉంటుంది. పేపర్‌లో కొంచెం ఆర్గానిక్ బైండర్ ఉంటుంది, మొదటిసారి బాగా కాగినప్పుడు అది కాలి కాస్త పొగ, వాసన వస్తాయి. ఇంజిన్ వైపు వేస్తే ఆ పొగ బయటే పోతుంది. లోపలి వైపు వేయొద్దని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

పేపర్ మీద 0.05 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఫాయిల్ కప్పాలి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ మంటకు క్షణాల్లో పోతుంది.

జాగ్రత్త ఒకటి. ఈ పోగులు చర్మానికి దురద పెడతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. ఎన్95 మాస్క్, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా లేకుండా కోయొద్దు. కోసేముందు నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పిల్లల్ని ఆ రోజు షెడ్డు దగ్గరికి రానీయకండి. ఊపిరితిత్తుల్లో కరిగిపోయే రకం పోగులతో చేసినవి కూడా మార్కెట్లో ఉన్నాయి, దొరికితే అవే తీసుకోండి.

మా దగ్గర పాత రాతినార షీట్లు ఉన్నాయి. అవి వాడితే?

కడప నుంచి ఇద్దరు అడిగారు ఈ మాట. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు ఒకప్పుడు రాతినార గనులు ఉండేవి కాబట్టి ఆ వైపు ఇళ్లలో దాని పేరు బాగా తెలుసు. మంటకు తట్టుకుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ అది క్యాన్సర్ తెస్తుందని రూఢి అయిన పదార్థం. కోయకండి, రుద్దకండి, విమానంలో పెట్టకండి.

రేకు ఎంత మందం ఉండాలి? షాపులో గేజ్‌లలో చెబుతారు, అర్థం కావడం లేదు.

అమెరికా విమానయాన నిబంధనల్లో చిన్న విమానాలకు సంబంధించిన పాత పార్ట్ 23లో, పరీక్ష లేకుండానే ఫైర్‌వాల్‌కు ఒప్పుకునే లోహాల పట్టిక ఉండేది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 0.015 అంగుళం, అంటే 0.381 మిల్లీమీటరు. తుప్పు పట్టకుండా పూత వేసిన మామూలు స్టీలు అయితే 0.018 అంగుళం. టైటానియం 0.016 అంగుళం. మనం సొంతంగా కట్టే విమానానికి అది నేరుగా వర్తించకపోయినా, కిట్ తయారీదారులు కూడా దాదాపు ఆ కొలతల్లోనే ఉంటారు.

ఇప్పుడు గేజ్ సంగతి. అమెరికా లెక్కలో 28 గేజ్ స్టెయిన్‌లెస్ రేకు దాదాపు 0.4 మిల్లీమీటరు, సరిపోతుంది. మన షాపుల్లో ఎక్కువగా నడిచే బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో అదే 28 గేజ్ 0.376 మిల్లీమీటరే, అంటే వెంట్రుకవాసి తక్కువ. అందుకే గేజ్ అడగకండి, మిల్లీమీటర్లు అడగండి. 0.45 అడిగి తీసుకుని అక్కడే మైక్రోమీటర్ పెట్టి చూడండి. నాకు 0.45 అని ఇచ్చిన రేకు కొలిస్తే 0.41 వచ్చింది. సరిపోతుంది కాబట్టి తీసుకున్నాను.

ఇంకోటి, హోటల్ కిచెన్‌లు చేసే ఫ్యాబ్రికేషన్ షాపుల్లో 202 గ్రేడ్ కూడా నడుస్తుంది. అది 304 కన్నా త్వరగా తుప్పు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి ఆ పరీక్షను నమ్ముకోకండి. మిల్ సర్టిఫికెట్ (రేకు ఏ గ్రేడో తయారీదారు ఇచ్చే కాగితం) ఉన్న షీట్ కొనండి. డ్రిల్ చేసేటప్పుడు కోబాల్ట్ బిట్, తక్కువ స్పీడు, గట్టి ఒత్తిడి. వేగంగా తిప్పి రుద్దితే ఆ చోట స్టీలు ఇంకా గట్టిపడి బిట్ అరిగిపోతుంది.

ఇన్సులేషన్ ఎలా బిగించాలి? జిగురు వాడకూడదా?

వీలైనంతవరకు జిగురు లేకుండా. ఫాయిల్ అంచులను పేపర్ చుట్టూ మడిచి, దిండు గలేబులా మూసేసి, స్టెయిన్‌లెస్ పాప్ రివెట్లతో పెద్ద వాషర్లు పెట్టి బిగించాలి. నేను 8 నుంచి 10 సెంటీమీటర్లకు ఒకటి వేశాను. అల్యూమినియం రివెట్లు వాడితే మంటలో అవే ముందు ఊడిపోతాయి. పేపర్ జారకుండా పట్టి ఉంచడానికి తప్పదనుకుంటే సోడియం సిలికేట్, అంటే నీటి గాజు, పలుచగా పూయొచ్చు. స్టీలు మీద మాత్రమే, అల్యూమినియాన్ని అది తింటుంది.

తప్పు చేయకూడని చోట్లు రెండున్నాయి. మొదటిది ఇంజిన్ మౌంట్ కాళ్లు, అంటే ఇంజిన్‌ను మోసే చట్రం ఫైర్‌వాల్‌కు ఆనే చోట్లు. మౌంట్ పాదం కింద ఇన్సులేషన్ అస్సలు ఉండకూడదు. మెత్తటి పొర మీద బోల్టు బిగిస్తే ఇవాళ గట్టిగానే అనిపిస్తుంది, నాలుగు రోజులు ఇంజిన్ వణికాక పొర నలిగి బోల్టు వదులవుతుంది. ఇంజిన్‌ను పట్టుకునే బోల్టు అది. పాదం చుట్టూ అర అంగుళం వదిలి ఇన్సులేషన్ కోసేయండి, లోహం లోహం మీద కూర్చోవాలి. రెండోది ఎర్త్ స్ట్రాప్, అంటే ఇంజిన్‌ను విమానం బాడీకి కలిపే ఎర్త్ తీగ. అది కూడా శుభ్రమైన లోహానికే తగలాలి, లేకపోతే స్టార్టర్ కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది, థ్రాటిల్ కేబుల్ లాంటివి మాడిపోతాయి.

రంధ్రాల సంగతేంటి?

అందరూ ఆఖరున అడిగే ప్రశ్న ఇది, అసలు ముందు అడగాల్సింది. ఎంత మంచి ఇన్సులేషన్ వేసినా వైర్లు, కేబుళ్లు, పైపులు పోయే చోట రబ్బరు గ్రామెట్ పెట్టి వదిలేస్తే, మంట ఆ రంధ్రంలోంచి నాలుక చాపుతుంది. రబ్బరు, నైలాన్ ట్యాగులు, ప్లాస్టిక్ కనెక్టర్లు మొదటి నిమిషంలోనే పోతాయి.

ఫైర్‌వాల్ దాటే ప్రతి ఫిట్టింగ్ స్టీలుది గానీ ఇత్తడిది గానీ ఉండాలి. పార్ట్ 23 కూడా స్టీలు, రాగి మిశ్రమాల ఫిట్టింగులనే పరీక్ష లేకుండా ఒప్పుకుంది, అల్యూమినియం ఆ పట్టికలో లేదు. వైర్ల కట్టకు నేను చేసింది ఇది: చిన్న స్టెయిన్‌లెస్ గొట్టం ఒకటి ఫైర్‌వాల్‌కు రివెట్ చేసి, వైర్లు అందులోంచి తీసి, గొట్టం మీద ఫైర్ స్లీవ్ (మంటకు తట్టుకునే తొడుగు) తొడిగి, రెండు చివర్లా స్టీలు క్లాంప్ బిగించి, లోపల వేడికి ఉబ్బే ఫైర్ బ్యారియర్ సీలెంట్ నింపాను. ఆ సీలెంట్ కాగితే ఉబ్బి, వైర్ల తొడుగు కరిగిపోయిన ఖాళీని పూడుస్తుంది.

మెకానిక్ షెడ్లలో దొరికే ఎర్ర ఆర్‌టీవీ సిలికాన్‌ను చాలామంది ఫైర్‌వాల్ సీలెంట్ అనుకుంటారు. అది 300 డిగ్రీల వరకు గ్యాస్కెట్ పనికి బాగుంటుంది. మంటకు నిలవదు.

పెట్రోలు ఆపే వాల్వ్ కేబిన్ వైపే ఉండాలి. పెట్రోలు ఆగకపోతే ఎంత గోడ కట్టినా ప్రయోజనం లేదు. ఇంజిన్ వైపు ఉండే పెట్రోలు, ఆయిల్ హోస్‌లన్నిటికీ ఫైర్ స్లీవ్ తొడగండి.

ఈ రంధ్రాలు మూస్తే ఇంకో మేలు కూడా ఉంది. సైలెన్సర్‌లో సన్న పగులు వచ్చినా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చేది వీటిలోంచే. దానికి రంగు లేదు, వాసన లేదు. షెడ్డులో లైట్లు ఆపేసి, ఇంజిన్ వైపు గట్టి టార్చ్ లైటు పెట్టి, లోపల కూర్చుని చూడండి. నేను అన్నీ మూసేశాను అనుకున్నాక కూడా మూడు చోట్ల వెలుగు కనబడింది. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ మాత్రం ఎలాగూ పెట్టుకోండి.

కేబిన్ హీటర్ పెట్టాలా? కిట్‌లో ఇచ్చారు.

మన సీమలో అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఫైర్‌వాల్‌లో అన్నిటికన్నా పెద్ద రంధ్రం హీటర్‌దే. దాని మూత అల్యూమినియంది అయితే ఆ ఫైర్‌వాల్ సగం పనే చేస్తుంది. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. మే నెలలో కర్నూలులో కింద 42 ఉంటే 8,000 అడుగుల్లో 26, హాయిగా ఉంటుంది. సంక్రాంతి ముందు తెల్లవారుజామున చలి వేస్తుంది, నిజమే, దానికి స్వెట్టర్ చాలు. నేను ఆ రంధ్రాన్ని స్టెయిన్‌లెస్ ప్లేటు వేసి మూసేశాను. పెట్టుకోవాలనే అనుకుంటే హీటర్ బాక్సు, మూత రెండూ స్టెయిన్‌లెస్‌వి వేయండి.

బరువు ఎంత పెరుగుతుంది?

నా ఫైర్‌వాల్ సుమారు 0.7 చదరపు మీటరు. 3 మిల్లీమీటర్ల పేపర్ సుమారు 400 గ్రాములు, ఫాయిల్ సుమారు 280, రివెట్లు, వాషర్లు, సీలెంట్ కలిపితే కిలో లోపే. ఫైర్‌వాల్ రేకే సుమారు రెండుంబావు కిలోలు. ఆ కిలో బరువు కూడా ముందు వైపు పడుతుంది కాబట్టి వెయిట్ అండ్ బ్యాలెన్స్ (బరువు ఎక్కడెక్కడ ఎంత పడుతుందో చూసే) లెక్కలో తప్పకుండా రాయండి.

శబ్దం తగ్గుతుందా?

కొంచెం. సన్న రేకు డబ్బా మూతలా కొట్టుకునే మోత తగ్గుతుంది. అసలు శబ్దం రంధ్రాల్లోంచి, మౌంట్‌లోంచి, అద్దాల్లోంచి వస్తుంది. మంచి హెడ్‌సెట్ కొనండి, ఆ డబ్బు వృథా కాదు.

మాది చెక్క, ఫైబర్‌గ్లాస్ విమానం. మాకూ ఇదేనా?

మీకు ఇంకా ముఖ్యం. ప్లైవుడ్ ఫైర్‌వాల్ మీద సిరామిక్ ఫైబర్, దాని మీద పూర్తి మందం స్టెయిన్‌లెస్ రేకు, ఈ వరుస మార్చొద్దు. డిజైన్‌లో ఇచ్చిన పొర ఏదీ బరువు కోసం తగ్గించొద్దు. మామూలుగా ఇంట్లో ఆరబెట్టిన ఎపాక్సీ 60–80 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలుపెడుతుంది, అంటే మంట దాకా కూడా పోనక్కరలేదు.

మన ఎండలకు ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

చేయాలి. ఎగురుతున్నప్పుడు గాలి ఆడుతుంది కాబట్టి ఫైర్‌వాల్ అంతగా కాగదు. దిగి ఇంజిన్ ఆపాకే అసలు వేడి. గాలి ఆగిపోతుంది, సైలెన్సర్, సిలిండర్ల వేడంతా కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) లోపలే ఉండిపోతుంది. కడప బండ పరిచిన వాకిలి పొద్దు గుంకాక కూడా కాళ్లు కాల్చినట్టు, ఇంజిన్ ఆగిన పావుగంట దాకా ఫైర్‌వాల్ వేడెక్కుతూనే ఉంటుంది. కింద 43 డిగ్రీలున్న రోజు ఆ వేడికి పైపుల్లో పెట్రోలు ఆవిరై, మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ మొరాయిస్తుంది.

నేను పాటించేది ఇది. ఆపగానే ఆయిల్ మూత తలుపు తెరిచి పెడతాను, ముక్కును గాలికి ఎదురుగా నిలుపుతాను. సైలెన్సర్ ఫైర్‌వాల్‌కు దగ్గరగా పోయే చోట, మధ్యలో గాలి ఆడేలా ఒక స్టెయిన్‌లెస్ అడ్డు రేకు సైలెన్సర్‌కే బిగించాను. సెగను పుట్టిన చోటే ఆపితే ఫైర్‌వాల్ మీద భారం తగ్గుతుంది. పంపు, ఫిల్టర్ ఆ వేడి మూలకు దూరంగా జరిపాను.

నేను కూడా మీలా కాల్చి పరీక్షించొచ్చా?

చేయండి, మంచిదే. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, ఇసుక బకెట్, ఇంకో మనిషి తోడుగా. పాత పార్ట్ 23 పరీక్షలో సుమారు 10 అంగుళాల చదరం ముక్క మీద 5 అంగుళాల మేర 2,000 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 1,093 సెల్సియస్, మంట ఉంచి 15 నిమిషాలు మంట అవతలికి రాకుండా నిలుస్తుందా అని చూసేవారు. మన గ్యాస్ టార్చ్ దానికి సాటి రాదు కానీ ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒట్టి రేకు పెట్టినప్పుడు వెనుక జానెడు దూరంలో చెయ్యి నిలవలేదు. పేపర్, ఫాయిల్ వేసిన రేకు పెట్టినప్పుడు ఫాయిల్ ఎర్రబడి ముడతలు పడింది, మొదట్లో కొంచెం వాసన వచ్చింది, 15 నిమిషాల తర్వాత కూడా వెనుక రేకు ఎర్రబడలేదు. చల్లారాక చూస్తే వెనుక గడ్డి రంగు, మధ్యలో కొద్దిగా నీలం. స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఆ నీలం వచ్చిందంటే అది 500 డిగ్రీల ప్రాంతానికి చేరిందని లెక్క. కాబట్టి ఇన్సులేషన్ ఉంది కదా అని లోపలి వైపు కార్పెట్ ఆనించకండి. బ్రేక్ ఆయిల్ ప్లాస్టిక్ డబ్బా లాంటివి కూడా అక్కడి నుంచి తీసేయండి.

15 నిమిషాలు సరిపోతాయా?

5,000 అడుగుల నుంచి నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దిగితే మూడున్నర నిమిషాల్లోపు నేల. వేరుశనగ చేలున్న అనంతపురం మైదానంలో అది చాలు. నల్లమల మీదో, శేషాచలం కొండల మీదో ఉన్నప్పుడు దిగే చోటు కోసం ఇంకా దూరం పోవాల్సి వస్తుంది. ఆ అదనపు నిమిషాల కోసమే ఇదంతా. ఓర్వకల్లు నుంచి కడప వైపు గీత గీసేటప్పుడు నేను కొండల అంచు వెంబడే గీస్తాను.

అనుమతులు?

డీజీసీఏ (మన దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) అనుమతి లేకుండా ఏ విమానమూ ఎగరకూడదు, సొంతంగా కట్టినదైనా సరే. ఫైర్‌వాల్ మీద చేసిన ప్రతి మార్పుకూ ఫోటోలు, కొన్న బిల్లులు, మెటీరియల్ సర్టిఫికెట్లు దాచండి. ఇన్సులేషన్ మూసేయకముందే తనిఖీ చేసే ఇంజినీరుకు చూపించండి, మళ్లీ విప్పాల్సిన పని ఉండదు. కిట్ తయారీదారు వద్దన్న చోట నా మాట కాకుండా వాళ్ల మాట వినండి.

ఎన్నాళ్లకొకసారి చూడాలి?

ఆయిల్ మార్చిన ప్రతిసారీ కౌలింగ్ తీస్తాం కదా, అప్పుడే. ఫాయిల్ చిరిగిందా, అంచు లేచిందా, రివెట్ వదులైందా చూడండి. వేలితో నొక్కి చూస్తే పొడి పేపర్ వెంటనే కాస్త పైకి లేస్తుంది, నూనె పీల్చినది మెత్తగా అలాగే ఉండిపోతుంది. నూనె పీల్చిన ఇన్సులేషన్ దీపం వత్తితో సమానం. దాన్ని ఆరబెట్టి వాడదాం అనుకోకండి. ఆ ముక్క కోసి తీసేసి, నూనె ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టి, అది ఆపాకే కొత్తది వేయండి. నేను ఆ పేపర్ ఒక చదరపు అడుగు ఎప్పుడూ ప్లాస్టిక్ కవర్లో మూసి షెడ్డు అటక మీద పెట్టి ఉంచుతాను. దారిలో ఉన్నవాళ్లకు అవసరమైతే వచ్చి కోసుకుని పోవచ్చు.